నీళ్ళు నిలిచిన చోటు

1967 నుంచి 1972 దాకా అమెరికాలో తయారైన షెవ్రొలే సీ-10 పికప్ బండ్లకు ఇప్పుడు యాభై ఏళ్ళు నిండాయి. పొలాలకు ఎరువులు, ఇళ్ళకు కలప మోసి మోసి, చివరికి ఏ కొట్టం పక్కనో మూలపడ్డ ఈ బండ్లను వెతికి కొని, బోల్టు బోల్టూ విప్పి మళ్ళీ నిలబెట్టేవాళ్ళు అక్కడ ఎందరో ఉన్నారు. ఇంజను మొండికేస్తే విడిభాగం దొరుకుతుంది, రంగు వెలిస్తే కొత్త రంగు వేయొచ్చు. డ్రైవరు కాళ్ళ కింది రబ్బరు చాప ఎత్తినప్పుడు మాత్రం చాలామందికి గుండె జారుతుంది. రేకు ఉండాల్సిన చోట షెడ్డు గచ్చు కనిపిస్తుంది. వెంటనే మనసు చిల్లు మీదికి పోతుంది. ఎంత కొయ్యాలి, ఎంత ముక్క తెచ్చి అతకాలి అన్న లెక్కలు మొదలవుతాయి. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది, ఆ లెక్క రెండోది కావాలని. తుప్పు తిన్న ఫ్లోరును బాగుచేయడం రేకు పని కంటే ముందు నీటి పని. నీళ్ళు ఏ దారిన వచ్చాయి, ఎక్కడ ఆగాయి, ఎందుకు ఆరలేదు అన్న మూడు ప్రశ్నలకు జవాబు తెలియకుండా వేసిన అతుకు, అది ఎంత నైపుణ్యంతో వేసినదైనా సరే, పాత చిల్లుకు ఇచ్చిన కొత్త గడువు మాత్రమే.

నీటి గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం తుప్పు పుట్టే తీరులోనే ఉంది. ఇనుము గాలికి తుప్పు పడుతుందని బడిలో చదువుకున్నాం. ఆ మాట సగమే నిజం. పొడిగాలిలో శుభ్రమైన ఇనుము ఏళ్ళ తరబడి మెరుస్తూనే ఉంటుంది. దాని మీద నీటి పొర నిలిచినప్పుడు ఇనుప రేకే ఒక చిన్న బ్యాటరీగా మారుతుంది. ఒక చోట ఇనుము కరిగి ఎలక్ట్రాన్లను వదులుతుంది, అవి లోహం గుండా ఇంకో చోటికి పోయి, అక్కడ నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ను అందుకుంటాయి. ఈ రెండు చోట్లూ వేరువేరు అన్న సంగతిని కేంబ్రిడ్జి శాస్త్రవేత్త యూలిక్ ఎవాన్స్ ఒక్క ఉప్పునీటి చుక్కతో కళ్ళకు కట్టాడు. మెరుగుపెట్టిన ఉక్కు మీద ఆ చుక్క వేసి, అందులో రంగు మారే రెండు రసాయనాలు కలిపితే, కాసేపటికి చుక్క నడిభాగం నీలంగా, అంచు గులాబీగా మారుతుంది. నీలం అంటే అక్కడ ఇనుము కరుగుతోందని అర్థం. గులాబీ రంగు ఆక్సిజన్ ఖర్చవుతున్న చోటు. అంచుకు గాలి దగ్గర, నడిమికి దూరం. గాలి తక్కువ అందే చోటే లోహం ఎక్కువ కరుగుతుందన్నమాట. మామూలు ఊహకు ఇది పూర్తిగా ఎదురు. గాలి తగలకుండా కప్పేస్తే ఇనుము క్షేమంగా ఉంటుందని అనుకుంటాం. కానీ తడిని లోపల ఉంచి, పైన కప్పి, గాలిని సగం ఆపామంటే ఆ కప్పిన చోటునే తుప్పుకు అప్పగించినట్టు. ఫ్లోరు కథంతా ఈ చుక్కలోనే ఉంది.

సీ-10 క్యాబిన్‌లోకి నీళ్ళు వచ్చే దారులు చూడండి. ముందు అద్దం కింద, బానెట్ వెనక, లోపలికి గాలి రావడానికి ఒక జాలీ ఉంటుంది. వాన నీళ్ళు అందులో పడి, పక్కల నుంచి కిందికి కారి బయటికి పోవాలి. చెట్టు కింద నిలిపిన బండిలో ఆ దారిని ఎండుటాకులు, దుమ్ము పూడ్చేస్తాయి. అక్కడ నిలిచిన నీళ్ళు పక్క రేకుల అతుకుల్లోంచి డ్రైవరు పాదాల పక్కకు దిగుతాయి. అద్దం చుట్టూ ఉన్న రబ్బరు గట్టిపడి పగిలితే అది రెండో దారి. తలుపు కింది చిల్లులు మూసుకుపోతే తలుపు గుమ్మం మీదుగా మూడోది. టైరు చిమ్మే బురద కింది నుంచి వచ్చి, ఫ్లోరుకీ క్యాబిన్‌ను మోసే బ్రాకెట్లకీ మధ్య ఇరుక్కుంటే నాలుగోది. ఇన్ని దారుల్లో వచ్చిన నీళ్ళు చేరేది ఒకచోటికే: పాదాలు ఆనే పల్లానికి. అక్కడ రబ్బరు చాప కింద శబ్దం, వేడి తగ్గించడానికి పరిచిన దళసరి మెత్త ఆ నీటిని పీల్చుకుని రోజుల తరబడి పట్టి ఉంచుతుంది. నొప్పి మీద వేసిన పట్టు చర్మాన్ని తడిగా ఉంచినట్టే ఈ మెత్త రేకును తడిగా ఉంచుతుంది. పైన రబ్బరు, మధ్యలో తడి మెత్త, కింద రేకు. ఎవాన్స్ చుక్కను కావాలని పెద్దది చేసినా ఇంత బాగా కుదరదు. బండిని పొడి షెడ్డులోకి చేర్చామని యజమాని నిశ్చింతగా ఉన్న నెలల్లో కూడా చాప కింద తన పని తాను జరిగిపోతుంటుంది.

దీనికి ఉప్పు తోడైతే ఇక చెప్పేదేముంది. అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. మిషిగన్, ఒహాయోలలో స్థిరపడ్డ మనవాళ్ళు కొత్తలో ఆశ్చర్యపోయేది, కారు కింది భాగాన్ని కడిగించుకోవడం అక్కడ ఒక అలవాటని తెలిసినప్పుడు. విశాఖపట్నం, కాకినాడ తీరాల్లో కిటికీ ఊచలు త్వరగా పెచ్చులూడటానికి కారణమూ ఈ ఉప్పే, కాకపోతే ఇక్కడ అది సముద్రపు గాలితో వస్తుంది. ఉప్పు రెండు పనులు చేస్తుంది. నీటిలో విద్యుత్తు సులువుగా పారేలా చేసి ఆ చిన్న బ్యాటరీకి బలమిస్తుంది. అంతకంటే మొండిది రెండో పని: గాలిలోంచి తేమను తానే లాక్కుంటుంది. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటగానే చెమ్మగిల్లి కరగడం మొదలుపెడుతుంది. రోడ్ల మీద వాడే కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్‌లకు 30 శాతం చుట్టుపక్కల తేమ చాలు. అంటే వాన పడకపోయినా, కడగకపోయినా, ఆ ఉప్పు ఇంకిన మట్టి ఉన్నచోట రేకు తనంతట తానే తడుస్తుంది.

చిల్లు చాలాసార్లు రేకు మధ్యలో కాక అతుకుల దగ్గర మొదలవడానికి ఇంకో కారణం ఉంది. ఫ్యాక్టరీలో ఒక రేకు మీద ఇంకో రేకు అంచు పెట్టి, కొన్ని సెంటీమీటర్లకు ఒకటి చొప్పున స్పాట్ వెల్డింగ్ చేశారు. రెండు వెల్డుల మధ్య వెంట్రుకంత సందు మిగిలిపోతుంది. స్ప్రే గన్‌తో కొట్టిన రంగు ఆ సందులోకి దూరదు. బాడీని రంగు తొట్టిలో ముంచి, విద్యుత్తు సాయంతో మూలమూలకూ రంగు పట్టించే పద్ధతిని ఫోర్డ్ కంపెనీలో జార్జ్ బ్రూవర్ 1960లలో తీర్చిదిద్దాడు. దానికంటే మెరుగైన రెండో తరం పద్ధతి 1970ల రెండో సగంలో గానీ కార్లకు రాలేదు. కాబట్టి ఆ కాలపు క్యాబిన్లలో మూసిన పెట్టెల్లాంటి భాగాల లోపలివైపు రంగు లేని ఉక్కే ఎక్కువ. ఆ సందుల్లోకి నీటిని ఎవరూ తోయనక్కర్లేదు. దీపపు వత్తి నూనెను లాగినట్టు సందే నీటిని లాక్కుంటుంది. అక్కడ పుట్టిన తుప్పుకు తాను పుట్టిన ఇనుము కంటే రెండు రెట్లకు పైగా, నీరు ఎక్కువ కలిస్తే అంతకు ఎన్నో రెట్లు చోటు కావాలి. అందుకే అది రెండు రేకులనూ విడదీసి ఉబ్బిస్తుంది, సందు పెద్దదవుతుంది, ఇంకా నీళ్ళు పడతాయి.

ఇక్కడ ఒక అభ్యంతరం ఎదురవుతుంది, దాన్ని తేలిగ్గా తీసెయ్యకూడదు. పికప్ బండికి వెన్నెముక ఛాసిస్. ఇంజను, ఇరుసులు, బరువు అన్నీ దాని మీదే ఉంటాయి. క్యాబిన్ దాని మీద రబ్బరు దిమ్మలతో కూర్చున్న గది మాత్రమే. అలాంటప్పుడు ఫ్లోరు రేకు గురించి ఇంత ఆరాటం దేనికి, కాలు జారకుండా ఏదో ఒకటి కప్పితే చాలదా? బండి నడవడం వరకూ అయితే ఈ మాట నిజమే. చిల్లు పడ్డ ఫ్లోరుతోనూ బండి వెళుతుంది. కానీ ఆ గదిలో కూర్చున్న మనిషి సీటూ, సీటు బెల్టూ ఫ్లోరుకే బిగించి ఉన్నాయి. నడుముకు మాత్రమే కట్టే బెల్టు బిగింపులు 5,000 పౌండ్ల లాగుడుకు, అంటే దాదాపు 2,270 కిలోల బరువు లాగినంత బలానికి ఆగాలని అమెరికా సమాఖ్య భద్రతా ప్రమాణం 210 చెబుతుంది. ఆ లాగుడును పెట్టె ఆకారంలోని బలమైన భాగాలకు చేర్చాల్సింది ఈ రేకే. రేకు పలచబడితే బలం ఎంత వేగంగా పోతుందో చిన్న లెక్కతో చూడొచ్చు. చదును రేకు వంగకుండా నిలిచే గట్టిదనం దాని మందం ఘనాన్ని బట్టి ఉంటుంది. ఉదాహరణకు 18 గేజి రేకు మందం 1.2 మిల్లీమీటర్లు. తుప్పు అందులో సగం తింటే మిగిలే గట్టిదనం సగం కాదు, ఎనిమిదో వంతు. చిల్లు కనబడక ముందే రేకు చేతకానిదైపోతుందన్నమాట. ఫ్లోరులో పొడవునా అచ్చుగుద్దిన గాడులు అందం కోసం పెట్టినవి కావు. రేకును లోతుగా మడిచి, మందం పెంచకుండానే గట్టిదనం తెచ్చే ఏర్పాటు అది. ఆ గాడులున్న చోట చదును ముక్క అతికితే బొత్తిగా పలచని డబ్బా మూతలా డబడబలాడుతుంది. అతుకు పెట్టేవాళ్ళు మరిచిపోయే విషయాల్లో ఇది మొదటిదని నా అభిప్రాయం.

రెండో అభ్యంతరం రసాయనాల వైపు నుంచి వస్తుంది. తుప్పును మార్చేసే ద్రావణాలు అంగట్లో దొరుకుతుండగా కోయడం దేనికి అని. ఈ ద్రావణాల్లో సాధారణంగా ఉండేవి ఫాస్ఫారిక్ ఆమ్లం గానీ, టానిన్ గానీ, లేదా రెండూ గానీ. ఆమ్లం తుప్పును ఐరన్ ఫాస్ఫేటుగా మారుస్తుంది. టానిన్ దాన్ని నల్లటి, నీటిలో కరగని పదార్థంగా మారుస్తుంది. ఈ రెండో చర్య తెలుగువాళ్ళకు కొత్తదేమీ కాదు. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ రసం పట్టించిన బట్ట మీద, తుప్పు ఇనుమునూ బెల్లాన్నీ నీళ్ళలో ఊరబెట్టిన ద్రవంతో గీసిన గీత నల్లగా తేలడం అచ్చంగా ఇదే. కరక్కాయలోని టానిన్, ఇనుము కలిసి ఆ నలుపు పుట్టిస్తాయి. రసాయనంగా ఇందులో మోసం లేదు. ఇబ్బంది లోతుతోనే. ద్రావణం తాకిన తుప్పు మారుతుంది, పొరల కింద దాగిన తుప్పుకు అది చేరదు. అతుకు సందులోకి అసలే పోదు. పైన నల్లగా గట్టిపడి, అడుగున పాత పని సాగనిస్తుంది. దానికి మించి, పోయిన లోహాన్ని తిరిగి తేలేదు. లేత తుప్పు పట్టి మందం తగ్గని రేకు మీద దీన్ని వాడటం నూటికి నూరుపాళ్ళు సబబే. పొడుపుకర్రతో పొడిస్తే లోపలికి దిగే రేకు మీద వాడటం కన్నీళ్ళు తుడవడం.

పాత తుప్పులో దాగిన, ఉప్పులోని క్లోరైడు ఎంత మొండిదో తెలియడానికి బండి నుంచి ఒకసారి ఓడ దగ్గరికి పోవాలి. 1843లో నీటిలోకి దిగిన ఇనుప ఓడ ఎస్‌ఎస్ గ్రేట్ బ్రిటన్‌ను 1970లో ఫాక్‌లాండ్ దీవుల నుంచి తేలించి ఇంగ్లండులోని బ్రిస్టల్‌కు తెచ్చారు. అది అప్పటి నుంచీ పొడి రేవులోనే ఉంది, సముద్రం దాన్ని తాకడం లేదు. అయినా ఓడ అడుగు తినిపోతూనే ఉండటంతో కార్డిఫ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ తుప్పును పరీక్షించారు. ఇనుములో ఇంకిన సముద్రపు క్లోరైడు ఉన్నంత కాలం, గాలిలో తేమ చాలా తక్కువగా ఉన్నా తుప్పు ఆగదని తేల్చారు. చివరికి ఓడ చుట్టూ గాజు కప్పు వేసి, యంత్రాలతో లోపలి గాలిలో తేమను 20 శాతం దగ్గర నిలిపితే గానీ దాన్ని కాపాడటం కుదరలేదు. ఇక బండి అరిజోనా లాంటి ఎండు ప్రాంతానికి తీసుకెళుతున్నాం, వానలో తియ్యం, కాబట్టి పైపైన గీకి రంగు వేస్తే చాలన్నవారికి నా జవాబు ఈ ఓడే. ఉప్పు రోడ్ల మీద తిరిగిన రేకు గుంటల్లో ఆ ఉప్పు ఇంకా ఉంది. ఆ గుంటలను తెల్లటి లోహం కనబడేదాకా ఇసుకను వేగంగా చిమ్మి గానీ గ్రైండరుతో గానీ తెరవాలి, కడగాలి, పూర్తిగా ఆరబెట్టాలి. లేదా ఆ రేకునే తీసెయ్యాలి.

అన్నిటికంటే ఎక్కువగా కనబడే మరమ్మతు, పాత రేకు మీద కొత్త రేకు పరిచి రివెట్లు కొట్టి, అంచుకు సిలికాన్ పూయడం. ఫైబరు గుడ్డను రెసిన్‌లో తడిపి అతికించడమూ ఈ కోవలోదే. వీధిలో బిందెకు మాటు వేసేవాడు కూడా చిల్లు చుట్టూ లోహాన్ని ముందు గీకి తేటగా చేస్తాడు, మాటు దానికి కరుచుకుంటేనే నీళ్ళు ఆగుతాయని అతనికి తెలుసు. ఈ మరమ్మతులో అదీ ఉండదు. తుప్పు పట్టిన అంచులు అలాగే ఉంటాయి, పైన కొత్త కప్పు వస్తుంది, రెంటికీ మధ్య అరచేయంత వెడల్పు సందు తయారవుతుంది. ఎవాన్స్ చుక్క భాషలో చెప్పాలంటే, గాలి అందని నడిభాగాన్ని మనమే పెంచి పెట్టాం. మూడు నాలుగేళ్ళకు కొత్త రేకు అడుగు వైపు నుంచి పెచ్చులూడితే కొత్త రేకు నాసిరకమని తిట్టుకుంటారు. తప్పు రేకుది కాదు.

మరి సరైన పని ఎలా ఉంటుంది? మొదట సీటు వెనక ఉన్న పెట్రోలు ట్యాంకు బయటికి రావాలి. ఈ బండ్లలో ట్యాంకు క్యాబిన్ లోపలే ఉంటుంది, 1973 నమూనాతో గానీ అది బయట ఛాసిస్ పక్కకు మారలేదు. ట్యాంకు లోపల ఉండగా నిప్పురవ్వ లేపడం ప్రాణాలతో చెలగాటం. తర్వాత తలుపు సందుకు అడ్డంగా ఇనుప గొట్టాలు వెల్డు చేసి క్యాబిన్ ఆకారాన్ని కదలకుండా పట్టాలి. ఫ్లోరూ, తలుపు కింద ఉండే గుమ్మం పెట్టే కోసేశాక ఆ గది మూత లేని అట్టపెట్టెలా వాలుతుంది. ఆ వాలిన ఆకారంలోనే కొత్త రేకు అతికితే తలుపు జన్మలో సరిగా పడదు. అందుకే ఒకేసారి రెండు పక్కలూ కోయకూడదు. కోత చిల్లు అంచున ఆగకూడదు, పూర్తి మందం ఉన్న గట్టి లోహం దాకా పోవాలి. చిన్న చిల్లుకు పెద్ద కోతా అని చేతులు వెనకాడటం సహజం. కానీ తుప్పు తిన్న అంచుకు వెల్డింగ్ నిలవదు, పలచని రేకు కరిగి చిల్లు మరింత విస్తరిస్తుంది.

వెల్డింగ్ దగ్గర వేడి లెక్క తెలిస్తే సగం కష్టం తప్పుతుంది. ఉక్కు ఒక్కో డిగ్రీకి మీటరుకు సుమారు 12 మైక్రోమీటర్లు సాగుతుంది. 30 సెంటీమీటర్ల అతుకును ఒక్క వరసలో గీస్తూ పోతే, వెయ్యి డిగ్రీలు ఎక్కిన ఆ గీత మూడున్నర మిల్లీమీటర్లకు పైగా సాగాలని చూస్తుంది. చుట్టూ ఉన్న చల్లటి రేకు సాగనివ్వదు. వేడెక్కి మెత్తబడిన లోహం తన మీద తానే నొక్కుకుని దళసరెక్కుతుంది. చల్లారేటప్పుడు ఆ కురచైన గీత చుట్టుపక్కల రేకునంతా తనవైపు లాగుతుంది, ఫ్లోరు అలలు తేలుతుంది. 0.6 మిల్లీమీటర్ల సన్నని తీగతో, ఒక చుక్క ఇక్కడ, ఇంకో చుక్క అడుగు దూరంలో అక్కడ పెడుతూ, చెయ్యి పెట్టేంత చల్లబడ్డాకే తిరిగి వచ్చి, చుక్కలన్నీ కలిసేదాకా ఓపిక పట్టాలని చెప్పేది ఇందుకే. లాగిన చోటును సుత్తితో తట్టి మళ్ళీ సాగదియ్యొచ్చు. కొత్త రేకుకు జింకు పూత ఉంటే వెల్డు పడే అంచున దాన్ని గీకెయ్యాలి. జింకు 907 డిగ్రీలకే ఆవిరవుతుంది, ఉక్కు కరగడానికి 1,500 డిగ్రీల దాకా కావాలి. ఉక్కు కరిగేలోపు జింకు పొగై లేచి వెల్డులో బుడగలు వదులుతుంది. ఆ పొగ పీలిస్తే జ్వరం, వణుకు వస్తాయి.

అంచులు ఒకదానికొకటి ఎదురెదురుగా ఆనించి వెల్డు చేయడం మంచిదా, ఒకదాని మీద ఒకటి ఎక్కించడం మంచిదా అన్న వాదం ఈ పనివాళ్ళలో తెగదు. నా వాదాన్ని బట్టి మొదటిదే మేలనాలి, దానిలో సందు ఉండదు కాబట్టి. కానీ అది కష్టమైన పని, చెయ్యి తిరగనివాళ్ళు చేస్తే రేకు ఎక్కువ వంకర పోతుంది. ఇక్కడ నిర్మాణపు పనికి వాడే ఎపాక్సీ జిగుర్ల గురించి నిజం ఒప్పుకోవాలి. ఇవాళ్టి కార్ల బాడీల్లో స్పాట్ వెల్డులతో పాటు వాటిని ఫ్యాక్టరీల్లోనే వాడుతున్నారు. ఒకదాని మీద ఒకటి ఎక్కించిన అంచుల మధ్య సందును జిగురు పూర్తిగా నింపితే నీటికి చోటే ఉండదు. శుభ్రమైన, గట్టి లోహం మీద, బెల్టు బిగింపులకూ క్యాబిన్ బ్రాకెట్లకూ దూరంగా ఉన్న చోట అది నాసిపని కాదు. సిలికాన్ పూసిన రివెట్టు అతుకుతో దాన్ని ఒకే గాటన కట్టకూడదు. మొత్తం ఫ్లోరునే కొత్తది తెచ్చి వేస్తే ఈ గొడవే ఉండదు కదా అంటారు. ఈ నమూనాలకు అచ్చుగుద్దిన కొత్త ఫ్లోర్లు దొరుకుతాయి, గాడులతో సహా వస్తాయి కాబట్టి మేలే. అయితే అంచులో ఫ్యాక్టరీ వాళ్ళు పెట్టినట్టే స్పాట్లు పెట్టి, మధ్య సందులు వదిలేస్తే, వాళ్ళు 1967లో చేసిన పొరపాటును మనం కొత్త రేకుతో చేసినట్టే. రేకులు కలపక ముందే ఆనే ముఖాలకు ప్రైమరు పట్టించడం, కలిపాక అతుకు పొడవునా సీలరు నింపడం, గుమ్మం పెట్టె లోపలికి గొట్టంతో మైనం చిమ్మడం అక్కడా తప్పవు.

సీలరు విషయంలో కూడా చెయ్యి అదుపులో ఉండాలి. పల్లంలో ఉన్న నీళ్ళు పోయే చిల్లులను అది మూసిందంటే ఫ్లోరు తొట్టిగా మారుతుంది. కింద పూసిన దళసరి తారు పూత ఎక్కడైనా పగిలితే, ఆ పగులులోంచి దూరిన తడి మళ్ళీ బయటికి రాదు, పాత మెత్త చేసిన పనే అదీ చేస్తుంది. ఏటా చూసి సరిచేసుకోగల పలచటి మైనపు పూతే నాకు నచ్చుతుంది. ఇన్నీ అయ్యాక, చాప పరవక ముందు ఒక పరీక్ష మిగిలి ఉంటుంది. జాలీలో ఆకులన్నీ తీసి, ముందు అద్దం రబ్బరు కొత్తది వేసి, తలుపులు మూసి, ఒకరు లోపల టార్చితో పడుకుంటారు. ఇంకొకరు బయట నుంచి గొట్టంతో నీళ్ళు పడతారు, ముందు జాలీలోకి, తర్వాత అద్దం చుట్టూ, చివరికి తలుపుల మీద, ఒక్కో చోట పది నిమిషాల చొప్పున. కింద ఎక్కడెక్కడ నీళ్ళు బయటికి కారుతున్నాయో చూసి, లోపల ఒక్క చుక్క మెరిసినా అక్కడ సుద్దముక్కతో గుర్తు పెడతారు. రెండు రోజులు ఆరనిచ్చి, గుర్తు పెట్టిన చోట్లు సరిచేసి, మళ్ళీ గొట్టం తిప్పుతారు. సుద్ద గుర్తు పెట్టాల్సిన అవసరం రాని రోజున చాప పరుస్తారు.